ఒకే కోడ్ – వేర్వేరు ఫోన్లు: ఉమ్మడి యాప్ చట్రాల చరిత్రలో తెలుగు లిపి

ఉపోద్ఘాతం

ఒక ప్రోగ్రామును ఒక్కసారి రాసి వేర్వేరు యంత్రాలపై నడపాలన్న కోరిక స్మార్ట్‌ఫోన్ల కంటే పాతది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ జావా భాషను ఈ వాగ్దానంతోనే ముందుకు తెచ్చింది. 2008లో ఆపిల్ యాప్ స్టోర్, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ రావడంతో ఆ కోరిక అవసరంగా మారింది. ఐఫోన్ యాప్‌ను ఆబ్జెక్టివ్-సి భాషలో, ఆండ్రాయిడ్ యాప్‌ను జావాలో రాయవలసి వచ్చేది. పని ఒకటే అయినా కోడ్ రెండుసార్లు రాయాలి. లోపం దొరికితే రెండుచోట్లా దిద్దాలి. ఈ భారాన్ని తగ్గించడానికి పుట్టినవే ఫ్రేమ్‌వర్కులుగా వ్యవహరిస్తున్న ఉమ్మడి చట్రాలు. వీటి చరిత్రను సాధారణంగా శ్రమ, వ్యయాల దృష్టితో చెబుతారు. తెరపై అక్షరాన్ని ఎవరు గీస్తున్నారన్న దృష్టితో చూస్తే అది తెలుగు లిపి చరిత్రలోనూ భాగమవుతుంది. ఆ సంబంధాన్ని పరిశీలించడమే ఈ వ్యాస లక్ష్యం.

మూడు మార్గాలు

మొదటి మార్గం బ్రౌజరును ఆశ్రయించింది. కెనడాకు చెందిన నిటోబి సంస్థ రూపొందించిన ఫోన్‌గ్యాప్ వెబ్ పుటనే యాప్ రూపంలో అందించింది. 2011లో అడోబీ ఆ సంస్థను కొనుగోలు చేసింది. ఫోన్‌గ్యాప్ కోడ్ అపాచీ ఫౌండేషన్‌కు చేరి కార్డోవాగా కొనసాగింది. అయితే వెబ్ పుటపై ఆధారపడిన యాప్‌లలో వేగం కొరవడింది. హెచ్‌టీఎంఎల్5పై అతిగా ఆధారపడటం పొరపాటని ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ 2012లో బహిరంగంగా అంగీకరించారు.

రెండవ మార్గంలో ఆదేశాలు ఉమ్మడి, గీసే పని ఫోనుది. 2015లో ఫేస్‌బుక్ విడుదల చేసిన రియాక్ట్ నేటివ్‌లో తర్కాన్ని జావాస్క్రిప్ట్‌లో రాస్తారు. బొత్తాలు, పాఠ్యం మాత్రం ఆయా ఫోన్ల సొంత భాగాలే చూపుతాయి. మూడవ మార్గం 2018 డిసెంబరులో తొలి స్థిర రూపం పొందిన గూగుల్ ఫ్లట్టర్‌ది. ఇది ఫోను ఇచ్చే బొత్తాలను వాడదు. తెరను తానే గీస్తుంది.

అక్షరం – సంకేతం

ఈ తేడా తెలుగుకు ఎందుకు ముఖ్యమో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం తెలియజేస్తుంది. చదువరికి అది ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. ఆ వరుసను ఒత్తులతో కూడిన అక్షరంగా కూర్చడానికి ప్రత్యేకమైన అక్షరవిన్యాస యంత్రాంగం కావాలి. మొదటి రెండు మార్గాలలో ఈ పనిని ఫోను సమకూర్చిన భాగాలే చేస్తాయి. ఫ్లట్టర్ దీనికి హార్ఫ్‌బజ్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్‌ను తన వెంట తెచ్చుకుంటుంది.

ఫోనుపై ఆధారపడటంలోని ప్రమాదం 2018 ఫిబ్రవరిలో బయటపడింది. ‘జ్ఞా’ను సూచించే సంకేతాల నడుమ కంటికి కనిపించని ఒక విభజన సంకేతం ఉన్న సందేశాన్ని చూపబోయి ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలాయి. లోపం ఆ యాప్‌లది కాదు. అవన్నీ ఆశ్రయించిన ఆపిల్ అక్షరవిన్యాస భాగానిది. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దానిని సరిదిద్దింది. ఒక తెలుగు అక్షరం ఆయుధంగా మారిందన్న వార్త ప్రపంచమంతా పాకింది గాని, తప్పు లిపిది కాదు, దానిని తగినంతగా పరీక్షించని వ్యవస్థది.

సొంతంగా గీసే మార్గానికి వేరే బాధ్యత ఉంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 భారతీయ సంయుక్తాక్షరాల విభజన సూత్రాన్ని సవరించింది. అంతకుముందు ‘స్త్రీ’ని మూడు ముక్కలుగా లెక్కించిన ప్రమాణం, ఆ తర్వాత ఒకటిగా గుర్తిస్తుంది. ఇటువంటి మార్పును ఫోను తన నవీకరణతో అందుకుంటుంది. తన యంత్రాంగాన్ని తానే మోసుకొచ్చే చట్రం మాత్రం కొత్త రూపంలోకి మారి, యాప్ మళ్ళీ విడుదలైతేనే అందుకోగలదు. పదకేళి యాప్‌లకూ, ఛందస్సును గణించే యాప్‌లకూ ఇది మౌలికమైన విషయం. అక్షరాల లెక్క తప్పితే గడులు నిండవు, గణాలు కుదరవు.

ముగింపు

ఉమ్మడి చట్రం శ్రమను పంచినట్లే దోషాన్నీ పంచుతుంది. ఒకచోట చేసిన దిద్దుబాటు రెండు రకాల ఫోన్లకూ చేరుతుంది. ఒకచోట దొర్లిన తప్పు కూడా అంతే. పైగా చట్రం ఆయుష్షు దాని యజమాని చేతిలో ఉంటుంది. ఫోన్‌గ్యాప్‌ను అడోబీ 2020లో విరమించుకుంది. జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 మేలో ముగిసింది. కాబట్టి తెలుగు యాప్ నిర్మాతలు చట్రాన్ని ఎంచుకునేటప్పుడు వేగం, వ్యయాలతో పాటు తెలుగు అక్షరాన్ని ఎవరు గీస్తున్నారో, తప్పు జరిగితే దిద్దవలసింది ఎవరో కూడా విచారించాలి. సంయుక్తాక్షరాలు, కర్సర్ కదలిక, అక్షరాల తొలగింపు వంటి అంశాలపై తెలుగువారే పరీక్షలు రూపొందించి, కోడ్ బహిరంగంగా ఉన్న చట్రాలకు అందించవచ్చు. ఆ పనికి ప్రోగ్రామర్ల నైపుణ్యంతో పాటు లిపి, వ్యాకరణాలు తెలిసిన భాషావేత్తల భాగస్వామ్యమూ అవసరం.