నాగు గింజల నుంచి పత్తి ప్యాకెట్ దాకా

1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు సంగతి పెద్దలు చెప్పగా వింటూనే ఉన్నాం. కరువులో ముందు తిండిగింజలు పోతాయి, ఆ వెనకే విత్తనాలు. తీరా వాన పడ్డాక వెదకు గింజ ఉండదు. దానికి పల్లె వెతుక్కున్న దారి నాగు: మోతుబరి గాదెలోంచి గింజలు తెచ్చుకుని, పంట రాగానే వడ్డీతో సహా గింజలే కొలవడం. ప్రభుత్వం చూపిన దారి తక్కావి, అంటే సర్కారు అప్పు. 1884 నాటి రైతు రుణాల చట్టం విత్తనాలకూ ఎడ్లకూ అప్పిచ్చే వీలు కల్పించింది. అంటే ప్రభుత్వ విత్తన సాయం కూడా అప్పే.

అయినా మామూలు ఏళ్లలో గింజ ఇంటిదే. జొన్నలో నిండు కంకులు ఏరి దూలానికి వేలాడదీసేవారు. మిరపలో మంచి చెట్టు కాయలు విడిగా ఎండబెట్టి, గింజ దులిపి, బూడిద కలిపి కుండలో దాచేవారు. మరుసటి ఏడు నారుమడిలో పడేది అదే. అమరావతి రోడ్డు మీద లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం 1922లో మొదలైంది. అది తర్వాత ఇచ్చిన ఎల్‌సీఏ-334 లాంటి మిరప రకాలు కూడా ఒకసారి తెచ్చుకుంటే రైతు మళ్లీ మళ్లీ వేసుకోగలిగినవే. నన్నడిగితే ఈ ప్రాంతానికి దక్కిన అసలైన విత్తన సాయం అదే.

పత్తి ఈ లెక్క తప్పించింది. 1970లో సూరత్ నుంచి హెచ్-4, 1972లో ధార్వాడ్ నుంచి వరలక్ష్మి అనే సంకర రకాలు వచ్చాయి. సంకర విత్తనం ఏటా కొనాల్సిందే. విత్తనం, పురుగుమందు రెండూ ఒకే కొట్లో, ఒకే ఖాతాలో అప్పు. 1980ల నడుమ తెల్లదోమ విరుచుకుపడింది; 1987-88 నాటికి గుంటూరు, ప్రకాశం పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా తెలిశాయి. విత్తనం దొరక్క చచ్చిపోయినవాళ్లు కారు వాళ్లు. ఈలోగా 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. తిండి రేషన్ కొట్టుకు, చేను పత్తికి వెళ్లిపోయాయి.

విత్తనం, తిండి ఒకటిగానే ఉన్న చోటూ ఉంది: ఆఫ్రికాలోని మలావీ 1998లో సుమారు 28 లక్షల చిన్న రైతు కుటుంబాలకు మొక్కజొన్న విత్తనం, ఎరువు ఉచితంగా పంచింది. అక్కడ ఆ సంచి అంటే రేపటి భోజనం. మన పత్తి ప్యాకెట్‌లో భోజనం లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక 450 గ్రాముల ప్యాకెట్ ధర పదహారు వందల రూపాయలు దాటింది. రాష్ట్ర ప్రభుత్వం 2006లో గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లి ధరను 750కి దించింది, 2007లో పత్తి విత్తన చట్టమే తెచ్చింది. ఇది చిన్న విజయం కాదు. కాకపోతే దిగింది ధర ఒక్కటే; ఏటా కొట్టు మెట్లెక్కడం తప్పలేదు.

కౌలు రైతుకైతే రాయితీ విత్తనం కూడా దూరమే. పాసుపుస్తకం భూమి యజమానిది, సేద్యం ఇతనిది. 2011లో రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019 చట్టంతో 11 నెలల సాగు హక్కు పత్రం వచ్చింది, దానికి యజమాని సంతకం కావాలి. పొలం చేజారుతుందేమోనని చాలామంది పెట్టరు. 2021లో నల్ల తామరపురుగు మిరప పూతను నాశనం చేసినప్పుడు, పత్రం లేని కౌలుదారు మళ్లీ పంట వేయడానికి అప్పు అడిగింది పాత కొట్లోనే.