ఎల్‌ఎస్‌యూ టైగర్స్ 2019 సీజన్

అమెరికాలోని లూసియానా స్టేట్ యూనివర్సిటీ జట్టు ఎల్‌ఎస్‌యూ టైగర్స్ 2019 సీజన్‌లో ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ ఛాంపియన్ అయింది. ఇది చేత్తో బంతి విసిరి, పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. బాటన్ రూజ్‌లోని ఈ జట్టు అంతకుముందు 1958, 2003, 2007లో టైటిల్ గెలిచింది.

అప్పటిదాకా డిఫెన్స్‌నూ, పరుగు ఆటనూ నమ్ముకున్న జట్టుగానే ఎల్‌ఎస్‌యూకి పేరు. లూసియానాలోనే పుట్టి పెరిగిన కోచ్ ఎడ్ ఆర్జెరాన్ ఆ పద్ధతి మార్చదలిచి, ప్రొఫెషనల్ జట్టు న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ నుంచి 29 ఏళ్ల జో బ్రేడీని రప్పించాడు. అఫెన్స్ కోచ్ స్టీవ్ ఎన్స్‌మింగర్‌తో కలిసి బ్రేడీ అల్లిన ఎత్తుగడల్లో తరచూ ఐదుగురు ఆటగాళ్లు ఒకేసారి పాస్ అందుకోవడానికి మైదానమంతా పరుచుకునేవారు. వాళ్లలో ఎవరికి విసరాలో క్షణంలో తేల్చాల్సింది క్వార్టర్‌బ్యాక్ జో బరో. ఒహైయో స్టేట్‌లో చోటు దక్కక 2018లో ఇక్కడికి వచ్చిన ఆటగాడతను.

సెప్టెంబరు 7న ఆస్టిన్‌లో టెక్సస్‌తో జరిగిన మ్యాచ్‌లో ఈ మార్పు కళ్లకు కట్టింది. ఎల్‌ఎస్‌యూ ఆధిక్యం 37-31. ఆట ముగియడానికి మూడు నిమిషాలు కూడా లేవు. మూడో ప్రయత్నం, బంతి తమ దగ్గరే ఉండాలంటే ఇంకా 17 గజాలు కావాలి. పాత ఎల్‌ఎస్‌యూ అయితే పరుగు తీసి గడియారం కరిగించేది. బరో మాత్రం మీదికొస్తున్న డిఫెండర్ల నడుమ ముందుకు జరిగి రిసీవర్ జస్టిన్ జెఫర్సన్‌కు విసిరాడు. అది 61 గజాల టచ్‌డౌన్ అయింది. ఎల్‌ఎస్‌యూ 45-38తో నెగ్గింది.

అభిమానులకు అంతకన్నా తీపి గెలుపు నవంబరు 9న దక్కింది. తమను వరుసగా ఎనిమిదిసార్లు ఓడించిన అలబామాను దాని సొంత మైదానంలోనే 46-41తో ఓడించారు. సెమీఫైనల్లో ఓక్లహోమాపై బరో మొదటి అర్ధభాగంలోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు; స్కోరు 63-28.

ఫైనల్ 2020 జనవరి 13న సొంత రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్‌లో జరిగింది. ప్రత్యర్థి క్లెమ్సన్ వరుసగా 29 మ్యాచ్‌లు గెలిచి వచ్చింది. ఒక దశలో 17-7తో వెనకబడ్డా ఎల్‌ఎస్‌యూ 42-25తో గెలిచింది.

సీజన్ మొత్తంలో బరో విసిరిన 60 టచ్‌డౌన్ పాస్‌లు అప్పటికి రికార్డు. ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అందుకుంటూ అతను ఒహైయోలో తాను పెరిగిన ప్రాంతపు పేదరికం గురించీ, ఆకలితో ఇంటికెళ్లే పిల్లల గురించీ కన్నీళ్లతో మాట్లాడాడు. అది విన్న జనం అక్కడి ఆహార సహాయ కేంద్రానికి 5 లక్షల డాలర్లకు పైగా పంపారు. ఏ రికార్డుకూ తీసిపోని ఫలితమిది.

2020 ఏప్రిల్‌లో బరో సహా 14 మంది ఆటగాళ్లు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. బ్రేడీ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు కరోలినా పాంథర్స్‌కు వెళ్లాడు. మరుసటి సీజన్‌లో ఎల్‌ఎస్‌యూ ఐదు గెలిచి ఐదు ఓడింది.