విమానం మీద రాసిన ప్రేమ కవిత

‘స్టార్ ట్రెక్’ తొలి సీరియల్‌లో ఒక ప్రేమ కవిత వినిపిస్తుంది. పేరు ‘నైటింగేల్ ఉమన్’. కవి ఫినియస్ టార్‌బోల్డ్. రాసింది కనోపస్ గ్రహం మీద, 1996లో. ఇవన్నీ కల్పనే. ఆ కవితలోని ప్రేమ మాత్రం కల్పన కాదు. ఒక పైలట్ తన విమానం మీద పెంచుకున్న ప్రేమ అది.

ఆ పైలట్ స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీయే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన అమెరికా వైమానిక దళంలో చేరి, దక్షిణ పసిఫిక్ దీవుల మీదుగా బీ-17 బాంబర్లు నడిపారు. 1943 ఆగస్టు 2న ఎస్పిరిటు శాంటో దీవిలో ఆయన విమానం గాల్లోకి లేవలేక రన్‌వే దాటి దూసుకుపోయి ధ్వంసమైంది. సిబ్బందిలో ఇద్దరు చనిపోయారు. రెక్కలున్న ఆ యంత్రం సక్రమంగా లేస్తేనే తమకు తెల్లవారుతుందన్నది ఆ కుర్రాళ్లకు రోజూ ఎదురయ్యే నిజం. విమానాన్నే ప్రియురాలిగా తలచి రాడెన్‌బెరీ కవిత అల్లారంటే నాకు ఆశ్చర్యంగా లేదు. స్టార్ ట్రెక్ చరిత్ర రాసినవాళ్లు చెప్పే ప్రకారం ‘నైటింగేల్ ఉమన్’ పుట్టుక ఇదీ. ఈ సంగతి తెలిశాక మళ్లీ వింటే, అందులో రెక్కల ఒంపు గురించీ కొసల గురించీ అంత శ్రద్ధగా ఎందుకు చెప్పారో తెలుస్తుంది. పక్షి రెక్కను వర్ణించే మాటలు కావవి. రోజూ విమానం చుట్టూ తిరిగి, చేత్తో తడిమి చూసుకున్నవాడి మాటలు.

యుద్ధం నాటి కవిత టీవీలోకి రావడానికి ఒక తిరస్కారం దారి తీసింది. 1964 చివర్లో తీసిన మొదటి పైలట్ (నమూనా) ఎపిసోడ్‌ను టీవీ సంస్థ ఎన్‌బీసీ వద్దంది. మేధావితనం మరీ ఎక్కువైందన్నది అభ్యంతరం. అయినా అరుదుగా ఇచ్చే రెండో అవకాశం ఇచ్చింది. అలా శామ్యూల్ పీపుల్స్ రాసిన ‘వేర్ నో మ్యాన్ హ్యాజ్ గాన్ బిఫోర్’ను 1965 జులైలో చిత్రీకరించారు. 1966 సెప్టెంబర్ 22న ప్రసారమైంది.

కథలో ఎంటర్‌ప్రైజ్ నౌక గెలాక్సీ అంచును తాకుతుంది. ఆ దెబ్బకు గ్యారీ మిచెల్ అనే అధికారికి అతీంద్రియ శక్తులు వస్తాయి. కళ్లు వెండిలా మారతాయి. (అందుకోసం పెట్టుకున్న లెన్సులతో నటుడు గ్యారీ లాక్‌వుడ్‌కు సరిగా కనబడేది కాదు, తల వెనక్కి వంచి ముక్కు మీదుగా చూడాల్సి వచ్చింది. తెర మీద మనకు కనబడే అహంకారంలో సగం ఆ ఇబ్బందిదే.) మిచెల్ పడక మీదే గ్రంథాలకు గ్రంథాలు చదివేస్తుంటాడు. డాక్టర్ ఎలిజబెత్ డేనర్ ఒక పుస్తకం, ఒక పేజీ నంబరు చెప్పి అతని జ్ఞాపకశక్తిని పరీక్షిస్తుంది. అతను పుస్తకం చూడకుండానే ఆ పేజీలో ఉన్న ప్రేమ కవిత ‘నైటింగేల్ ఉమన్’ చదువుతాడు. గత రెండు శతాబ్దాల్లో ఇంత గాఢమైన ప్రేమ కవితలు తక్కువంటాడు.

నన్ను కట్టిపడేసే ఘట్టం ఇదే. దేవుడినైపోయానని విర్రవీగబోయేవాడు, ఇంకా మనిషిగా ఉండగా మాట్లాడిన చివరి మెత్తని మాటలవి. అక్కడ లెక్కలో సూత్రాలో అప్పజెప్పించినా జ్ఞాపకశక్తి రుజువయ్యేది. కానీ డేనర్‌కు అతని మీద మనసు పడిందని మనం నమ్మేవాళ్లం కాదు.

కవిత పుట్టిందని చెప్పిన గ్రహానికి పేరిచ్చిన కనోపస్ అంటే మన అగస్త్య నక్షత్రం. శీతాకాలపు రాత్రుల్లో తెలుగునాట దక్షిణాన, దిగువగా మెరుస్తుంది. మూడు వందల కాంతి సంవత్సరాలకు పైగా దూరం. కవిత రాసే మనుషులు ముప్పై ఏళ్లలో అక్కడికి చేరతారని ఊహించిన కాలం 1965. మనం వినేది ఆ కవితలో కొన్ని పంక్తులే. మిగతావి ఆ సీరియల్‌లో మళ్లీ ఎక్కడా వినబడవు.