సైకిల్ సీటు: మగవాళ్లు పైకి చెప్పుకోని బాధ

పంజాగుట్టలోని నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రి. 1960లలో నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా మొదలై, తర్వాత అన్ని విభాగాలున్న పెద్దాసుపత్రి అయింది. అది తెరిచిన కాలంలో పంజాగుట్ట, అమీర్‌పేట రోడ్ల మీద సైకిలే సామాన్యుడి బండి. సనత్‌నగర్, బాలానగర్ కార్ఖానాల కార్మికులు, ఆఫీసు గుమాస్తాలు, పోస్టుమన్లు, పాలవాళ్లు అందరూ దాని మీదే తిరిగారు. ఇప్పుడు అమీర్‌పేటలో నెత్తిన రెండు మెట్రో లైన్లు కలుస్తున్నాయి, కింద కాలు పెట్టే సందు లేదు. సైకిల్ మాత్రం మరో రూపంలో తిరిగొచ్చింది. ఆదివారం తెల్లవారకముందే కారు వెనక కట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు దాకా మోసుకెళ్లే సన్న చక్రాల బండి అది. తాతల సైకిలుకూ ఈ సైకిలుకూ మగవాళ్ల ఆరోగ్యం విషయంలో పెద్ద తేడా ఉంది. ఆ తేడా అంతా సీటులోనూ, దాని మీద కూర్చునే తీరులోనూ ఉంది.

గట్టి బల్ల మీద కూర్చుంటే గుచ్చుకునే రెండు ఎముకలుంటాయి, పిర్రల అడుగున. కూర్చున్న మనిషి బరువును మోయాల్సినవి అవే. వాటి మధ్య, వృషణాలకూ మలద్వారానికీ నడుమ ఉన్న మెత్తటి చోటును డాక్టర్లు పెరీనియం అంటారు. పురుషాంగానికి రక్తం తెచ్చే నాళం, స్పర్శ తెలిపే ప్యూడెండల్ నరం కటి ఎముక లోపలి అంచు వెంట ఓ ఇరుకు దారిలోంచి అక్కడికి వస్తాయి. ఐర్లండ్‌కు చెందిన శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు బెంజమిన్ ఆల్కాక్ 1836లో ఆ దారిని వర్ణించాడు. నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. సైకిల్ సీటు ముక్కు నొక్కేది సరిగ్గా ఈ చోటునే.

సవారీకీ మగతనానికీ ముడిపెట్టడం సైకిల్ కన్నా చాలా పాతది. గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీస్ పేరిట ఉన్న గ్రంథాల్లో, నీళ్లూ గాలీ ప్రదేశాల గురించి చెప్పే పుస్తకంలో, సిథియన్ల ప్రస్తావన వస్తుంది. వాళ్లు రోజంతా గుర్రాల మీదే ఉంటారు కాబట్టి వాళ్లలో చాలామందికి దాంపత్య శక్తి పోతుందని ఆ రచన అంటుంది. కారణం చెప్పిన తీరు నేటి వైద్యానికి నిలవకపోవచ్చు. కానీ అది దేవుడి శాపం కాదు, సవారీ వల్ల వచ్చిన జబ్బు అని రెండున్నర వేల ఏళ్ల కిందటే ఒక వైద్యుడు అనగలిగాడు.

ఇంగ్లండులో తోలు వ్యాపారి జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ తన గుర్రం చనిపోతే సైకిల్ అరువు తెచ్చుకుని, దాని సీటు బాధ పడలేక తోలు సీటు తయారుచేశాడని చెబుతారు. 1882లో ఆయన ఆ సీటుకు పేటెంట్ తీసుకున్నాడు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిలును, 1888లో డన్‌లప్ గాలి టైరును తెచ్చారు. మరో పదేళ్లకల్లా ప్రపంచమంతా సైకిలెక్కింది. ఆ వెంటే డాక్టర్ల హెచ్చరికలూ మొదలయ్యాయి. 1890లలో అమెరికాలో స్పాల్డింగ్ కంపెనీ అమ్మిన క్రిస్టీ సీటు చూడండి: రెండు ఎముకల కింద రెండు దిండ్లు, మధ్యలో ఖాళీ. మామూలు సీటు మీద కటి ఎముకలు ఎలా కూర్చుంటాయో, తమ సీటు మీద ఎలా కూర్చుంటాయో ప్రకటనల్లో బొమ్మ గీసి చూపించారు. సమస్యా పరిష్కారమూ రెండూ ఆనాడే తెలుసు. అయినా రేసుల మోజులో సన్న సీటే గెలిచింది. ఆడవాళ్లు సైకిల్ తొక్కితే నీతి చెడుతుందన్న గోల మరోపక్క చెలరేగి, సీటు మీద జరగాల్సిన వైద్య చర్చను మింగేసింది.

మన దేశంలో తయారై అమీర్‌పేట దాకా వచ్చిన సైకిల్ వేరు. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. ఇవి చేసిన నల్ల సైకిల్ హ్యాండిల్ ఎత్తుగా, మనిషి వైపు వంగి ఉండేది. నడుం నిటారుగా పెట్టి తొక్కాలి. సీటు వెడల్పు, వెనక రెండు లావు స్ప్రింగులు, వాటి మీద రివిట్లతో బిగించిన తోలు. కొన్ని నెలలు తొక్కితే తోలు మనిషి ఎముకల ఆకారానికి లొంగి, పిర్రలున్న చోట రెండు గుంటలు పడేవి. తోలు సాగితే సీటు ముక్కు కింది నట్టు బిగించేవాళ్లు. చాలామంది పట్టించుకోక పైన కుచ్చుల కవరు తొడిగి ఊరుకునేవాళ్లు. అప్పుడు మధ్యలో జోలెలా దిగిన తోలు రెండు పక్కలా ఒత్తేది. అయినా ఆ నిటారు కూర్చోవడమే వాళ్లను చాలావరకు కాచింది. బరువు ఎముక మీదే ఉండేది.

వాళ్లకు బాధలు లేవని కాదు. ఏప్రిల్ ఎండలో చెమటకు తొడలు ఒరుసుకుపోవడం, సెగ్గడ్డలు, గజ్జల్లో తామర మామూలే. వీటన్నిటినీ మించి ఒక అపోహ ఉండేది: సైకిల్ ఎక్కువ తొక్కితే వరిబీజం వస్తుందని. ఈ మాట నేను ఊళ్లలోనూ విన్నాను, నగరంలోనూ విన్నాను. మన ప్రాంతంలో వరిబీజానికి పెద్ద కారణం ఫైలేరియా, అంటే బోదకాలు తెచ్చే పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టడంతో అది ఒంట్లో చేరి, లింఫ్ నాళాల్లో తిష్ఠ వేస్తుంది. మురుగుకాలువ చేసిన నేరాన్ని సైకిల్ నెత్తిన రుద్దాం. దీనివల్ల రెండు నష్టాలు జరిగాయి. దోమల సంగతి వెనకబడింది. నిజంగా సీటు వల్ల తిమ్మిరి వచ్చినవాడు కూడా వరిబీజమని ఎగతాళి చేస్తారేమోనని నోరు మూసుకున్నాడు.

వైద్య పత్రికల్లో ఈ తిమ్మిరి కథ 1970లలో మళ్లీ మొదలైంది. దూరప్రయాణపు సైకిలిస్టుల్లో పురుషాంగానికి స్పర్శ పోవడం గురించి 1975లో ఓ అమెరికన్ వైద్య పత్రిక రాసింది. 1987లో ఫ్రెంచి వైద్యులు ఆల్కాక్ దారిలో నరం నలగడంగా దాన్ని గుర్తించారు. 1997లో నార్వే పరిశోధకులు 540 కిలోమీటర్ల పందెంలో తొక్కిన 160 మంది మగవాళ్లను అడిగితే, 22 శాతం మంది తిమ్మిరి వచ్చిందన్నారు. 13 శాతం మంది అంగస్తంభన దెబ్బతిన్నదన్నారు. అదే ఏడాది బోస్టన్ యూరాలజిస్టు ఇర్విన్ గోల్డ్‌స్టీన్ మగవాళ్లు అసలు సైకిలే తొక్కొద్దన్నంత గట్టిగా మాట్లాడారు. ప్రపంచమంతా భయం పాకింది. సీటు మధ్యలో గాడి కోసిన కొత్త సీట్లు మార్కెట్లోకి వచ్చిందీ ఆ భయం నుంచే.

2002లో జర్మనీ కొలోన్ వైద్యులు తొక్కుతున్నవాళ్ల పురుషాంగంలో ఆక్సిజన్ ఎంత తగ్గుతోందో కొలిచారు. దిండులా మందంగా ఉన్న సన్న సీటు మీద అది 82 శాతం పడిపోయింది. ముక్కు లేని, ఓ మోస్తరు మెత్త ఉన్న వెడల్పు సీటు మీద 20 శాతమే తగ్గింది. మన దుకాణాల్లో జెల్ కవరు కొని తొడిగి హాయిగా ఉంటుందనుకునేవాళ్లు దీన్ని ఒకటికి రెండుసార్లు చదవాలి. మెత్త ఎక్కువైతే ఎముకలు అందులో దిగబడతాయి, మధ్యలో ఉన్న మెత్త పైకి లేచి నరాన్నే నొక్కుతుంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చేసిన పని. సైకిల్ మీద గస్తీ తిరిగే పోలీసులు తిమ్మిరి గురించి ఫిర్యాదు చేస్తే, ఆ సంస్థ నవ్వి పంపేయలేదు. 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లిచ్చి ఆరు నెలలు గమనించింది. మొదట తిమ్మిరి లేదన్నవాళ్లు 27 శాతమే, చివరికి 82 శాతం. ఆ ఫలితాలు 2008లో వచ్చాయి. మరుసటి ఏడాదే, పని కోసం సైకిల్ తొక్కేవాళ్లకు ముక్కు లేని సీటు మేలని సంస్థ సిఫారసు చేసింది. పొట్టకూటి కోసం తొక్కేవాడి ఒళ్లు కూడా లెక్కలోకి రావాలన్న ఆలోచన దాని వెనక ఉంది.

ఆ తర్వాత భయం కొంత సర్దుకుంది. 2014లో లండన్ పరిశోధకులు 5,282 మంది సైకిలిస్టులను పరిశీలించి, ఎక్కువ తొక్కడానికీ అంగస్తంభన లోపానికీ, సంతానలేమికీ సంబంధం కనబడలేదన్నారు. 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు 2,774 మంది సైకిలిస్టులను ఈతగాళ్లతో, పరుగు వీరులతో పోల్చారు. లైంగిక శక్తిలో సైకిలిస్టులు వెనకబడలేదు, మూత్రనాళం సన్నబడటం మాత్రం వాళ్లలో ఎక్కువ. ప్రయాణంలో అయిదో వంతుకు పైగా సమయం లేచి నిలబడి తొక్కేవాళ్లకు తిమ్మిరి తక్కువ. హ్యాండిల్ సీటు కన్నా కిందికి ఉన్నవాళ్లకు తిమ్మిరీ పుండ్లూ ఎక్కువ. తాతల నల్ల సైకిల్ ఎందుకు కాపాడిందో ఈ చివరి మాటలో తెలుస్తుంది.

అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులు లెక్కలేనన్ని. అక్కడికి వెళ్లే మగవాళ్లకు ఉపయోగపడే సంగతి ఒకటుంది. 2011లో వెలువడిన ఓ అధ్యయనంలో, బోస్టన్ ప్రాంతపు కేంద్రాలకు వచ్చిన 2,261 మందిని చూస్తే, వారానికి అయిదు గంటలు, అంతకు మించి తొక్కేవాళ్లలో వీర్యకణాల సంఖ్య, చలనం తక్కువగా ఉండే అవకాశం కనిపించింది. లండన్ ఫలితంతో కలిపి చూస్తే ఇది తీర్పు కాదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు డాక్టరుకు తమ సైకిల్ సంగతి చెప్పాలి, అంతే. ప్రొస్టేట్ కోసం పీఎస్ఏ రక్తపరీక్షకు వెళ్లేవాళ్లూ చెప్పాలి. ముందు ఒకటి రెండు రోజులు తొక్కకుండా ఉండమని డాక్టర్లు సలహా ఇస్తుంటారు.

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. చదునుగా, ఆపే సిగ్నల్ లేకుండా ఉండే దారి గంటల తరబడి సీటు మీంచి లేవనివ్వదు. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు ముగించాల్సిన బ్రెవే అనే దూరపు సవారీలకూ మనవాళ్లు వెళ్తున్నారు. జిమ్ముల్లో కదలని సైకిల్ మరీ కష్టం, గతుకే లేదు కాబట్టి ఎవరూ లేవరు. బండి మీద లక్షలు పోసి సీటును దుకాణం ఇచ్చినట్టే వదిలేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అట్టపెట్టె ముక్క గట్టి మెట్టు మీద వేసి, దాని మీద కూర్చుని ముందుకు వంగితే రెండు గుంటలు పడతాయి. వాటి నడిమధ్యల దూరం మగవాళ్లకు సాధారణంగా 10 నుంచి 13 సెంటీమీటర్లు. సీటు వెనక భాగం ఆ రెండు ఎముకలనూ మోసేంత వెడల్పు ఉండాలి. ముక్కు పైకి లేచి ఉంటే సమానం చేయాలి. తొక్కేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగితే సీటు ఎత్తెక్కువైందని అర్థం.

పది నిమిషాలకోసారి లేచి నిలబడి తొక్కండి. తిమ్మిరి వచ్చిందంటే బండి ఆపి దిగండి, సీటు మార్చండి. దిగాక కూడా అది పోకపోయినా, మూత్రధార సన్నబడినా, అంగస్తంభనలో మార్పు కనిపించినా గోడల మీద నరాల బలహీనత ప్రకటనల నంబర్లకు ఫోన్ చేయకండి. యూరాలజీ డాక్టరు దగ్గరికి వెళ్లి, సిగ్గుపడకుండా మొదటి మాటగా సైకిల్ గురించే చెప్పండి. ఎముకల విభాగమూ యూరాలజీ విభాగమూ ఒకే ప్రాంగణంలో ఉన్న నిమ్స్ లాంటి చోట, పేపర్లు వేసే కుర్రాళ్ల నుంచి సైకిల్ మీద డెలివరీలు చేసేవాళ్ల దాకా, బతుకు కోసం తొక్కే మగవాళ్లను పిలిచి పరీక్షించే పని మొదలుపెట్టాలని పెద్దలను కోరుతున్నాను.