ఉపవాక్య విభజన - తెలుగు వాక్యము
(ఆదవాని సీమ ఉదాహరణములతో)

ఆంగ్ల వ్యాకరణము ఉపవాక్యములను మూడు తెగలుగా విభజించును. ప్రధానవాక్యమున నామము నిలువవలసిన చోట నిలిచినది నామోపవాక్యము. నామమును విశేషించునది విశేషణోపవాక్యము. క్రియకు కాల హేతు నియమాదులను చెప్పునది క్రియావిశేషణోపవాక్యము. 19వ శతాబ్ది చివరి దశకమున వెలువడిన నెస్‌ఫీల్డు పాఠ్యగ్రంథముల ద్వారా ఈ విభజన మన ఉన్నత పాఠశాలలలో పాతుకొనినది. తెలుగు పాఠ్యవ్యాకరణములందలి సంశ్లిష్టవాక్య ప్రకరణముననుకూడ ఆ జాడయే కనబడుచున్నది. అది మన వాక్యమునకెంతవరకు తగునో విచారింపవలసియున్నది.

ఈ విచారణకు ఆదవాని సీమను ఎన్నుకొనుటకు కారణము కలదు. ఉరుకుంద, ఎమ్మిగనూరులున్న ఈ ప్రాంతము 1800లో నిజామునుండి కుంఫిణీకి సంక్రమించి, బళ్లారి జిల్లాలో చేరియుండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసినది. 1816లో మద్రాసున తెలుగు వ్యాకరణమును ప్రకటించిన ఏ. డి. క్యాంబెలే తరువాత బళ్లారి కలెక్టరై, 1823 ఆగస్టులో ఆ జిల్లా పాఠశాలలనుగూర్చి నివేదిక పంపెను. మొత్తము 533 పాఠశాలలలో కన్నడమునకు 235, తెలుగునకు 226, ఆంగ్లమునకు ఒక్కటి. పాఠ్యగ్రంథములు చాలవరకు పద్యమయములనియు, వాని భాష వ్యవహారభాషకు దూరమనియు, బాలురు అర్థమెరుగక వల్లించుచుండిరనియు ఆయన ఆక్షేపించెను. ఈ ఆక్షేపణ చేసినది ఒక వ్యాకర్త యను సంగతి మరువరాదు. పద్యమున అర్థము తెలియుట యనగా, చాలవరకు, ఏ అసమాపకక్రియ ఏ సమాపకక్రియతో అన్వయించునో తెలియుటయే గదా!

1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున పరిచ్ఛేదములు పది. వానిలో వాక్యపరిచ్ఛేదము లేదు. క్త్వార్థకము, శత్రర్థకము, చేదర్థకము, ధాతుజవిశేషణము - ఇవి యన్నియు క్రియకు సంబంధించిన రూపములుగనే చెప్పబడినవి. దీనిని లోపమని కొందరందురు. నేనంత సులభముగా అంగీకరింపను. ఆంగ్లమున ఉపవాక్యమునకు ముందు ఒక సంయోజకపదము నిలుచును, లోపలి క్రియ సామాన్యముగా సమాపకముగనే యుండును. తెలుగున క్రియ తుదియే మారును. “శ్రావణమాసము వచ్చినచో ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు జనులు తరలుదురు” అనుచోట నియమార్థము ‘వచ్చినచో’ అను రూపమునందే యున్నది. కావున మన ఉపవాక్యమును గుర్తించుటకు తొలి ఆధారము క్రియారూపమే. సూరి మార్గము ఇంతవరకు సరియైనదే.

చిక్కు తరువాత వచ్చుచున్నది. “ఉరుకుందకు వచ్చిన భక్తులు” అనునది విశేషణోపవాక్యము. “భక్తులు వచ్చినప్పుడు” అన్నచో క్రియావిశేషణోపవాక్యము. “భక్తులు వచ్చినది నిజము” అన్నచో నామోపవాక్యము. కాని మూడింటను ఉన్నది ‘వచ్చిన’ యను ధాతుజవిశేషణమే. దానిపై ‘అప్పుడు’ చేరినచో కాలము, ‘అందున’ చేరినచో హేతువు, ‘అట్లు’ చేరినచో రీతి తెలియుచున్నది. అనగా ఆంగ్లమున వేర్వేరు గదులలో నున్నవి తెలుగున ఒకే మొదలునుండి చీలిన కొమ్మలు. రూపమును చూచి తెగను చెప్పుమన్నచో విద్యార్థి తప్పక తడబడును. ప్రధానవాక్యమున అది చేయు పనిని చూచి చెప్పుమన్నచో తడబాటు లేదు. పరీక్షాపత్రములు ఈ రెంటిని వేరుచేయక ప్రశ్నించుటయే అనర్థమునకు మూలము.

ధాతుజవిశేషణమను పేరునందును ఒక ప్రమాదము కలదు. “రైతులు నిన్న ఎమ్మిగనూరు సంతలో అమ్మిన ఎడ్లు” అనుచోట ‘అమ్మిన’ అనునది ‘తెల్లని’ వంటి ఒట్టి విశేషణము కాదు. దానికి కర్త కలదు, కాలము కలదు, అధికరణము కలదు. కర్మమైన ఎడ్లు మాత్రము వెలుపలికి వచ్చి విశేష్యమైనవి. కనుక ఇది సంపూర్ణవాక్యము సంకోచించిన రూపము. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషలకు సంబంధ సర్వనామము లేదనియు, దాని పనిని ఈ క్రియాజన్య విశేషణమే చేయుననియు నిరూపించెను. చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ 1975లో వెలువడుటతో సంశ్లిష్టవాక్య నిర్మాణము తెలుగుననే సమగ్ర చర్చకు వచ్చినది.

క్త్వార్థకమునుగూర్చియు ఒక మాట. “రైతు వచ్చి కూర్చుండెను” అనుచోట రెండు క్రియలకు కర్త ఒక్కడే. “వానలు పడి చెరువు నిండెను” అనుచోట కర్తలు వేరు, అర్థము హేతువు. ఒకే రూపము మొదటిచోట క్రమమును, రెండవచోట కారణమును చెప్పుచున్నది.

నామోపవాక్యములలో ముఖ్యమైనది ‘అని’తో ముగియునది. ఇదియు ‘అను’ ధాతువు క్త్వార్థకమే. ఆదోనిలో వినబడు మూడు భాషలను ప్రక్కప్రక్కన నుంచి చూడదగును. తెలుగున “వస్తానని చెప్పెను”. కన్నడమున “బరుత్తేనె ఎందు హేళిద”. ఈ రెండును సోదరభాషలు, పోలికలో వింతలేదు. కాని దక్కనీ ఉర్దూ ఆర్యభాషాకుటుంబమునకు చెందినది. ఉపవాక్యమునకు ముందు ‘కి’ నుంచి చెప్పు పద్ధతి ఉర్దూలో సిద్ధముగనే యున్నది. అయినను దక్కనీ మాటాడువారు “ఆతా బోల్కే బోల్యా” అందురు. ‘బోల్కే’ యనగా అక్షరాలా ‘అని’. తన సంయోజకమును విడిచి, ఉపవాక్యమును ముందుంచి, దాని తుదిని ఒక అసమాపకక్రియతో మూయు ఈ పద్ధతిని దక్కనీ పొరుగుననున్న ద్రావిడభాషలనుండియే గ్రహించినది.