వేటపట్టునుండి వనస్థలికి

నేరేడుచర్లనుండి బయలుదేరి విజయవాడ రాజమార్గమున హైదరాబాదునకు పోవువారికి, నగరమధ్యమును చేరకమునుపే, వనస్థలిపురముచెంత మహావీర హరిణ వనస్థలి యెదురగును. బస్సులో కూర్చున్నవారికది ముండ్లపొదలతో నిండిన బీడువలెనే తోచును. కాని యా బీడునకొక చరిత్ర కలదు.

ఒకప్పుడిది నిజాము ప్రభువుల వేటపట్టు. ఇచ్చటి జింకలు కాపాడబడినది వేటకొఱకే. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వెలువడి, కృష్ణజింకకు రక్షణ కల్పించెను. 1975లో, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవ స్మారకముగా, బాణతుపాకుల కాటపట్టైన యీ నేలకు అహింసామూర్తి పేరిడిరి. 1994లో నిది జాతీయోద్యానమయ్యెను. దీని వైశాల్యము 14.59 చదరపు కిలోమీటర్లు. ఒక్కని వినోదమునకు మూసియుంచిన వనము నేడు సామాన్యులకును తెఱువబడినది.

కృష్ణసారము స్వభావముగా సంచరించు దేశమే యజ్ఞార్హమని మనుస్మృతి చెప్పుచున్నది. దీని పోతునకు నల్లని వీపును, మెలికలు తిరిగిన కొమ్ములును శోభనిచ్చును. ఈ మృగమునకు కీకారణ్యము సరిపడదు. శత్రువును దూరముననే కనిపెట్టి, పరుగే బలముగా బ్రతుకు ప్రాణియగుటచే దానికి విశాలమైన పచ్చికబయలు కావలెను. దుప్పికో, చెట్లనీడ ప్రియము. కావున బయలును తోపును ప్రక్కప్రక్కనుండుటయే వనమునకు సంపద.

మనమో, చెట్టులేని ప్రతి నేలను బంజరని పిలుతుము. అందు మొక్కలు నాటి పుణ్యము గట్టుకొంటిమని తలంతుము. గడ్డినేలను చెట్లతో కప్పివేయుట జింక యిల్లు కూల్చుటయేయని యెఱుగము. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన పిమ్మట మన సీమలో మెట్టనేలలు క్రమముగా వరిమళ్లయ్యెను. అన్నము పెట్టిన యా మేలును నిందింపరాదు. అయినను మిగిలిన మేతబీళ్లనైన వ్యర్థభూములనక, పశుపక్ష్యాదుల సొత్తుగా నెంచుట మన ధర్మము.

తల్లులారా, నగరమునకు పోయినపుడు బిడ్డలను సినిమాలకే గాక యీ వనస్థలికిని కొనిపొండు. అచ్చట సద్దుచేయక నిలిచి, గడ్డిలో గంతులిడు జింకను చూపుడు. వేటపట్టునకే పేరు మారి, నడవడి మారినప్పుడు, మన కన్ను మారుటకు కాలమెంత పట్టును?