లొట్టిలో జోడీ పని

నకిరేకల్ దాటాక తాటివనం. గౌడన్న మోకు మీద బరువేసి చెట్టు దిగుతున్నాడు. లొట్టి మన ముందు పెట్టి, ‘‘జర ఆగుండ్రి సారూ, నురుగు దిగనియ్యుండ్రి’’ అంటాడు. తెల్లటి నురుగు, ముక్కుకు తగిలే పులుపు. రాత్రంతా కారిన నీరాలోని చక్కెర తింటున్న ఈస్ట్ వదిలే కార్బన్ డయాక్సైడే ఆ బుడగలన్నీ.

ఆ కల్లులోని ఒక్క చుక్కలోకి దిగుదాం. ఈస్ట్ కణం గోడ దాటి కేంద్రకంలోకి వెళితే, ఆక్టిన్ అనే ప్రొటీన్ జన్యువు నుంచి అప్పుడే తయారైన ఆర్ఎన్ఏ పోగు కనిపిస్తుంది. దాని నడుమ 300 అక్షరాల పొడవున్న, ప్రొటీన్ తయారీకి పనికిరాని ముక్క ఉంది. అదే ఇంట్రాన్. ఈస్ట్‌లో దాదాపు 6,000 జన్యువులుంటే, ఇంట్రాన్లున్నవి 300 లోపే. అయినా ఆ ముక్క పోతేనే ఆక్టిన్ తయారవుతుంది.

దాన్ని కత్తిరించి మిగతా ముక్కలను అతికించడమే స్ప్లైసింగ్. ఆ పని చేసే స్ప్లైసియోసోమ్ అనే యంత్రం పోగు చుట్టూ కూడుకుంది. ఇంట్రాన్‌లోని ఒక ‘ఎ’ అక్షరం వంగి, ఇంట్రాన్ మొదటి కొసను తెంపి తనకు అతికించుకుంది. ఉచ్చు పడింది. మొదటి అంచె అయిపోయింది. పీఆర్‌పీ16 అనే ప్రొటీన్, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేసి లోపలి అమరికను మార్చింది. ఇక రెండో కొస తెగాలి, అటూ ఇటూ మిగిలిన ముక్కలు అతకాలి. కానీ ఉచ్చు ముడికీ ఆ కొసకీ మధ్య దాదాపు 40 అక్షరాల దూరం.

ఇప్పుడు స్లూ7 అనే మరో ప్రొటీన్ వచ్చి కూర్చుంది. దాన్ని పట్టుకుని పీఆర్‌పీ18 కూడా చేరింది. ముందు ఎక్కినవాడు చెయ్యిస్తే వెనకవాడు ఎక్కినట్టు! స్లూ7 లేకుండా పీఆర్‌పీ18 ఇక్కడ నిలదొక్కుకోలేదు. ముడికీ కొసకీ మధ్య ఏడు అక్షరాలే ఉంటే ఈ రెండింటి అవసరమే ఉండదని ప్రయోగశాలలో తేలింది. దూరం పెరిగితేనే వీటితో పని.

పీఆర్‌పీ18 జన్యువు దొరికింది వేడి వల్లే. అమెరికాలోని కాల్‌టెక్‌లో జాన్ ఏబెల్సన్ దగ్గర ఉషా విజయరాఘవన్ వేడికి ఆగిపోయే ఈస్ట్ రకాలను ఏరి, స్ప్లైసింగ్ జన్యువులను పట్టుకున్నారు. ఆ పని 1989లో అచ్చయింది. తర్వాత ఆమె బెంగళూరు ఐఐఎస్‌సీలో ఈ పరిశోధనే కొనసాగించారు. స్లూ7 లేని ఈస్ట్ బతకదు. పీఆర్‌పీ18 లేనిది చల్లగా ఉన్నంతకాలం నెట్టుకొస్తుంది, 37 డిగ్రీల దగ్గర చతికిలపడుతుంది. మే నెలలో నల్లగొండ మధ్యాహ్నాలు 40 దాటుతాయి. అలాంటి ఈస్ట్ ఇక్కడి ఎండాకాలం గట్టెక్కడం కష్టమే.

మన చుక్కలోని ఈస్ట్‌లో మాత్రం జోడీ కుదిరింది. కొస తెగింది, ముక్కలు అతుక్కున్నాయి. పీఆర్‌పీ22 మళ్లీ ఏటీపీని ఖర్చుచేసి, సిద్ధమైన ఆర్ఎన్ఏను విడిపించింది. స్లూ7, పీఆర్‌పీ18 కూడా విడివడ్డాయి. పీఆర్‌పీ43 మిగతా యంత్రాన్ని ఊడదీసే లోపే, పక్కన రైబోజోమ్ ప్రొటీన్ ఆర్ఎన్ఏ మీద మరో స్ప్లైసియోసోమ్ మొదటి అంచె ముగించింది. దానికీ ఒక స్లూ7 కావాలి.